హాంకాంగ్‌లో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక బహిరంగ లేఖ

హాంకాంగ్‌లో ఉంటున్న తెలుగు అమ్మలకు, నాన్నలకు నమస్కారం.

తుంగ్ చుంగ్‌లో ఉన్నా, వాంపోవాలో ఉన్నా, ఏడో ఏడు దగ్గర పడేసరికి మన ఇళ్లలో అందరి నోటా ఒకటే మాట: "పీఆర్‌కి పెట్టారా?" పీఆర్ అంటే ఏడేళ్లు ఇక్కడ ఉన్నాక పెట్టుకునే శాశ్వత నివాస హోదా. మాకది వచ్చి చాలా కాలమైంది. మా పిల్లల కాగితాలు నేనే సర్దుకున్నానని తెలిసి, కొందరు ఆదివారం పూట ఫైళ్లు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. నేను లాయర్ని కాను, ఏజెంటును అసలే కాను. ఓపిగ్గా చదివి, ఏది ఉంది ఏది లేదు చెప్పగలను, అంతే. అలా చూసిన ఫైళ్లన్నిటిలోనూ ఒకటే వరస. నాన్నగారి కాగితాలు ముద్దుగా, సంవత్సరాలవారీగా, రంగు రంగుల ట్యాబులు అతికించి ఉంటాయి: ట్యాక్స్ నోటీసులు, కంపెనీ లెటర్లు, ఇంటి అద్దె అగ్రిమెంట్లు. ఆఖరున ఒక ప్లాస్టిక్ కవరు. అందులో పిల్ల పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్ జిరాక్సు, ఎప్పటిదో ఒక రిపోర్టు కార్డు. "నాకొస్తే పిల్లలకీ వచ్చేస్తుంది కదండీ!" అంటారు.

అందరికీ రాదండీ. అది చెబుదామనే ఈ ఉత్తరం.

హాంకాంగ్‌కు రాజ్యాంగంలాంటి బేసిక్ లాలోని 24వ అధికరణం ఇక్కడి శాశ్వత నివాసులను ఆరు రకాలుగా చెప్పింది. అందులో మనకు సంబంధించినవి రెండే. నాలుగోది, చైనా జాతీయులు కానివాళ్లు సరైన ప్రయాణ పత్రాలతో వచ్చి, ఏడేళ్లకు తక్కువ కాకుండా వరసగా ఇక్కడే మామూలుగా నివసించి, హాంకాంగ్‌నే తమ శాశ్వత నివాసంగా చేసుకుంటే వచ్చే హోదా. ఐదోది, అలాంటివాళ్లకు హాంకాంగ్‌లో పుట్టి, ఇంకా 21 ఏళ్లు నిండని పిల్లలది. ఈ రెండూ ఎలా నడుస్తాయన్న వివరమంతా ఇమ్మిగ్రేషన్ ఆర్డినెన్సు (ఇక్కడ చట్టాన్ని ఆర్డినెన్సు అంటారు) మొదటి షెడ్యూల్‌లో ఉంది. చదవడానికి గంట కూడా పట్టదు. వాట్సాప్‌లో తిరిగే డాక్యుమెంట్ల లిస్టు కన్నా అది వెయ్యి రెట్లు నయం. ఆ లిస్టు ఎవరి కేసుకు రాసుకున్నదో ఎవరికీ తెలియదు, అయినా దాన్నే పట్టుకుని అందరం పరిగెడుతుంటాం.

ఇప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారనుకోండి. పెద్దమ్మాయి విజయవాడలో పుట్టి, మూడేళ్లప్పుడు డిపెండెంట్ వీసా (ఇక్కడున్నవాళ్ల కుటుంబానికి ఇచ్చేది) మీద ఇక్కడికి వచ్చింది. చిన్నవాడు ఇక్కడి ఆస్పత్రిలోనే పుట్టాడు. నాన్నకు పీఆర్ రాగానే చిన్నవాడు ఐదో రకం కిందకు వస్తాడు. వాడు పుట్టేనాటికి మీ ఇద్దరిలో ఎవరికీ పీఆర్ లేకపోయినా ఫర్వాలేదు, వాడికి 21 నిండేలోపు ఒక్కరికి వచ్చినా చాలు. వాడి బర్త్ సర్టిఫికెట్ తీసి చూడండి. పర్మనెంట్ రెసిడెంట్ హోదా అన్న చోట 'నాట్ ఎస్టాబ్లిష్డ్' అని ఉంటుంది. అది చూసి కంగారు పడక్కర్లేదు. పుట్టిన నాటికి తేలలేదనే దాని అర్థం. మీకు వచ్చాక, పర్మనెంట్ ఐడీకి అర్హత తేల్చమని అడిగే ఆర్‌ఓపీ 145 ఫారం పెట్టుకుంటే తేలుస్తారు. బర్త్ సర్టిఫికెట్టు, వాడి పాస్‌పోర్టు, మీ పర్మనెంట్ ఐడీలు, మీ పెళ్లి సర్టిఫికెట్టు, ఇవీ అక్కడ ముఖ్యం.

పెద్దమ్మాయి సంగతి వేరు. ఆమెకు ఐదో రకం వర్తించదు, పుట్టింది ఇక్కడ కాదు గనక. నాన్న ఏడేళ్లు ఆమె లెక్కలోకి రావు. ఆమె ఇక్కడ కాలుపెట్టిన రోజు నుంచి ఆమె సొంత ఏడేళ్లు పూర్తి కావాలి. నాన్న ముందు వచ్చి, రెండేళ్లకు కుటుంబాన్ని పిలిపించుకుంటే, ఆయనకు వచ్చిన రెండేళ్లకు గానీ ఆమె వంతు రాదు. అప్పుడు ఆమె పేరుతో వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. 21 లోపు పిల్లలైతే హాంకాంగే శాశ్వత నివాసమన్న రాతపూర్వక ప్రకటన (డిక్లరేషన్) తల్లో తండ్రో, చట్టబద్ధమైన సంరక్షకుడో ఇవ్వాలి. సంతకం మీదే అయినా కేసు మాత్రం ఆమెది. అందుకే మొదటి రోజు నుంచి ఆమె పేరుతో ఒక ఫైలు వేరే పెట్టండి. దాన్ని మీ ఫైలుకు తోకగా తగిలించకండి.

ఆ ఏడేళ్లు ఎప్పటివైనా చెల్లుతాయా అని అడుగుతారు. చెల్లవు. దరఖాస్తుకు సరిగ్గా ముందున్న ఏడేళ్లే కావాలి. 2001లో ఫతే ముహమ్మద్ కేసులో ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ మాట తేల్చేసింది. అంటే, ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా ఇక్కడ చదివించి, ఆ తర్వాత 'ఐఐటీ ఫౌండేషన్' అని హైదరాబాద్ హాస్టల్లో వేసి, ఇంటర్ అయ్యాక మళ్లీ తీసుకొచ్చి "మావాడు చిన్నప్పుడు ఇక్కడే ఉన్నాడండీ" అంటే, ఆ చిన్నప్పటి సంవత్సరాలు పనికొస్తాయన్న నమ్మకం పెట్టుకోకండి.

మనవాళ్లలో చాలామంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. పిల్లను ఏడాది పాటు అమ్మమ్మ దగ్గర ఉంచడం మనకు వింతేమీ కాదు. రెండో కాన్పు అనో, ఇద్దరికీ ఉద్యోగాలనో, తెలుగు వస్తుందనో పంపిస్తాం. నేను దాన్ని తప్పు పట్టను. కానీ చట్టం చూసే కళ్లు వేరు. తాత్కాలికంగా బయట ఉన్నంత మాత్రాన నివాసం తెగిపోదని ఆర్డినెన్సే చెబుతోంది. అయితే అది తాత్కాలికమేనా అన్నది ఎలా తేలుస్తారంటే: ఎందుకు వెళ్లారు, ఎంత కాలం, ఎన్నిసార్లు, ఇక్కడ స్థిరమైన ఇల్లు ఉందా, దగ్గరి కుటుంబం ఎక్కడుంది, ఇవన్నీ చూస్తారు. వేసవి సెలవులకు తాతగారింటికి వెళ్లడం ఒకటి, గుంటూరు స్కూల్లో పేరు రాయించి అక్కడి టీసీ తెచ్చుకోవడం మరొకటి. రెండోది చేసే ముందు ఈ లెక్క కూడా వేసుకోండి. వేసుకున్నాక పంపితే అది మీ ఇష్టం.

కోవిడ్ నాటి గండిని మాత్రం వేరే చెప్పుకోవాలి. 2021 ఏప్రిల్ 20 నుంచి ఇండియా విమానాలను హాంకాంగ్ ఆపేసింది. మళ్లీ 2022 జనవరి 8న ఆపి, ఏప్రిల్ 1 దాకా తెరవలేదు. బామ్మకు బాగోలేదని వెళ్లి నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయిన తల్లీపిల్లలు మనలో ఎంతమందో. ఏడేళ్ల లెక్కలో ఆ కాలం పడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అప్పటి రద్దయిన టికెట్ల మెయిళ్లు, అక్కడి నుంచే ఆన్‌లైన్ క్లాసులకు హాజరైనట్టు స్కూలు ఇచ్చిన లెటరు, ఇక్కడ ఖాళీ ఇంటికి మీరు కట్టిన అద్దె రసీదులు, ఇవి దొరికితే పక్కన పెట్టండి. "రాలేక ఆగిపోయాం" అని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. ఎంత కాలం ఎందుకు బయట ఉన్నారో ఒక పేజీలో మామూలు ఇంగ్లీషులో మీరే రాయండి. దానికి డబ్బులిచ్చి ఎవరితోనో లాయరు భాషలో రాయించుకోవాల్సిన పని లేదు.

ఇక పాస్‌పోర్టులు. మన పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది. కాబట్టి ఏడేళ్ల కేసులో తక్కువలో తక్కువ రెండుంటాయి. మూల కత్తిరించి, క్యాన్సిల్ ముద్ర వేసి కాన్సులేట్ తిరిగిచ్చిన పాతది "ఇంకెందుకు" అని ఊళ్లో బీరువాలో పడేసి వస్తారు. వద్దు. వీసాలు దానిలోనే ఉంటాయి, ప్రయాణాల లెక్క దాని నంబరు మీదే ఉంటుంది.

దీనికి తోడు 2013 మార్చి నుంచి హాంకాంగ్ పాస్‌పోర్టులో ముద్ర వేయడం మానేసి, ఒక చిన్న స్లిప్పు చేతిలో పెడుతోంది. సినిమా టికెట్టంత ఉంటుంది. పేరు, పాస్‌పోర్టు నంబరు, వచ్చిన తేదీ, ఎప్పటిదాకా ఉండొచ్చు అన్నవి దాని మీదే ముద్రిస్తారు. విమానం దిగగానే పిల్లలు ఆడుకోవడానికి, నాన్నలు చూయింగ్ గమ్ చుట్టడానికి వాడతారు. 2021 డిసెంబరు 28 నుంచి వీసా స్టిక్కర్లు కూడా పోయి, ఇంట్లోనే ప్రింటు తీసుకునే ఈ-వీసా వచ్చింది. అంటే ఒకే పిల్ల కేసులో సగం కాలం స్టిక్కరు, మిగతా సగం ఏ4 కాగితం. ఈ-వీసా వచ్చిన రోజే పీడీఎఫ్‌ను రెండు చోట్ల దాచండి. స్లిప్పులు పోయి ఉంటే గుండెలు బాదుకోవద్దు. రాకపోకల వివరాల పత్రం కావాలని ఇమ్మిగ్రేషన్ శాఖకే దరఖాస్తు చేసుకోవచ్చు. దానికైనా పాత పాస్‌పోర్టు నంబర్లు అడుగుతారు. చూశారా, మళ్లీ ఆ బీరువా దగ్గరికే వచ్చాం.

పెద్దవాళ్లకు ట్యాక్స్ కాగితాలున్నట్టు పిల్లలకేముంటాయి? స్కూలు. ప్రతి ఏడాదికీ ఒక రిపోర్టు కార్డు, ఏ తేదీ నుంచి చదువుతోందో చెప్పే స్కూలు లెటరు. స్కూలుకు ముందు ఏళ్లకు టీకాల పుస్తకం, డాక్టరు దగ్గరికి వెళ్లిన కాగితాలు, ప్లే గ్రూపు ఫీజు రసీదులు. ఈత క్లాసు సర్టిఫికెట్టు కూడా తేదీ ఉంటే పనికొచ్చేదే. ఒక్కో విద్యా సంవత్సరానికి ఒకటి రెండు గట్టివి చాలు. నూట యాభై కాగితాలు గుమ్మరిస్తే అధికారి మురిసిపోరు. స్కూలు మారినప్పుడు పాత స్కూలు నుంచి లెటరు అప్పుడే తీసుకోండి. మూడేళ్ల తర్వాత అడిగితే అక్కడ మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఉండరు.

పేర్ల గొడవకు వస్తున్నాను. నా ఆదివారాలు తినేసేది ఇదే.

మన పేరు ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు, దాని వెనక రెడ్డో రావో కుమారో. స్కూల్లో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మారుతుంది. పాస్‌పోర్టు ఆఫీసు దాన్ని విడదీసి పూర్తిగా రాయమంటుంది. కొందరు సర్‌నేమ్ గడి ఖాళీగానే వదిలేశారు. నిన్నగాక మొన్న వచ్చిన ఒక ఫైలులో ఒకే తల్లి నాలుగు రకాలుగా ఉంది. పాప బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంతో 'కె. లక్ష్మి', పెళ్లి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా, పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరుతో 'వెంకట లక్ష్మి', ఇక్కడి ఐడీ కార్డులో పాస్‌పోర్టు ప్రకారమే కానీ వరస తిరగబడి. ఆమె నవ్వుతూ "అన్నీ నేనేనండీ" అంది. నాకు తెలుసు. మన ఊళ్లో అందరికీ తెలుసు. చెంగ్ క్వాన్ ఓలోని ఇమ్మిగ్రేషన్ ఆఫీసు కౌంటర్లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఆ మనిషి చూడాల్సింది ఈ పాప ఈ తల్లి బిడ్డేనా అన్నది. అనుమానం రావడం ఆయన తప్పు కాదు.

దీనికి మందు రెండు రకాలు. సరిదిద్దగలిగింది సరిదిద్దించుకోవడం మొదటిది. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా బర్త్ సర్టిఫికెట్‌లో దొర్లిన అచ్చుతప్పులు పుట్టిన చోటి రిజిస్ట్రారు దగ్గరే సరిచేయాలి. మున్సిపాలిటీ అయినా పంచాయతీ అయినా ఆధారాలు చూపించాలి, దానికి టైము పడుతుంది. పిల్ల పేరు గడి ఖాళీగా ఉన్న సర్టిఫికెట్లు కూడా వస్తున్నాయి. బారసాలకు ముందే రిజిస్ట్రేషన్ అయిపోయి, తర్వాత ఎవరూ పట్టించుకోలేదన్నమాట. పేరు చేర్పించుకోవడానికి ఏడాది లోపు ఫీజు ఉండదు. ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్యపు రుసుముతో చేర్చుకోవచ్చు. సెలవులకు ఊరెళ్లినప్పుడు, పెళ్లిళ్లూ తిరుపతీ అయ్యాక ఆఖరి రెండు రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. దిగిన మర్నాడే మొదలుపెట్టండి.

రెండోది, సరిదిద్దలేనిదాన్ని దాచకుండా ముందే చెప్పడం. ఈ నాలుగు పేర్లూ ఒకరివేనని నోటరీ ముందు ప్రమాణపత్రం రాసి, పెళ్లి సర్టిఫికెట్టు, పాత పాస్‌పోర్టు, భర్త పేరు ఉన్న పేజీ జతచేసి, ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి. అధికారి అడిగాక తెచ్చిన జవాబు కంటే అడగకముందే ఉన్న జవాబు బలం. తెలుగులో మాత్రమే ఉన్న పాత సర్టిఫికెట్లకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం ఉండాలి. అనువాదంలో ఇంటిపేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా అని మీరు అక్షరం అక్షరం చూసుకోండి. 'చౌదరి'ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో నాకు ఈమధ్యే తెలిసింది.

ఇక్కడే పుట్టిన పిల్లలకు పేర్ల బాధ తక్కువ, గడువుల బాధ ఎక్కువ. పుట్టిన 42 రోజుల్లో ఇక్కడ రిజిస్ట్రేషన్. ఏడాదిలోపు అడ్మిరాల్టీలోని భారత కాన్సులేట్‌లో ఇంకో రిజిస్ట్రేషన్. ఈ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం అలా నమోదైతేనే దక్కుతుందని 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి.

"పీఆర్ తీసుకుంటే ఇండియన్ పాస్‌పోర్టు పోతుందా?" అని ఊళ్లో తాతగార్లు భయపడుతుంటారు. పోదు. ఇది నివసించే హక్కే, పౌరసత్వం కాదు. ఐడీ కార్డు మీద పర్మనెంట్ అని ఉన్నా పాప భారతీయురాలే. హాంకాంగ్ పాస్‌పోర్టు వేరు, అది చైనా జాతీయులకే ఇస్తారు. కావాలని దాని కోసం చైనా జాతీయత తీసుకుంటే అప్పుడు మన చట్టం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. ఈ రెంటినీ కలిపేసి అనవసరంగా నిద్ర చెడగొట్టుకున్న కుటుంబాలను నేనెరుగుదును.

డిక్లరేషన్ సంగతి. శాశ్వత నివాసం గురించి అడిగే ప్రశ్నలు నాలుగే: ఇక్కడ స్థిరమైన ఇల్లుందా, దగ్గరి కుటుంబం ఇక్కడుందా, బతకడానికి ఆదాయం ఉందా, పన్నులు కట్టారా. పిల్ల విషయంలో ఇవి మీ జవాబుల మీదే నిలబడతాయి. "బయట ఉన్న ఆ ఎనిమిది నెలలు రాయకపోతే ఏమవుతుంది, ముద్రలే లేవు కదా" అని ఒకాయన నన్నడిగారు. ముద్ర మీ పాస్‌పోర్టులో లేదండీ, లెక్క వాళ్ల కంప్యూటర్లో ఉంది. తప్పుడు వివరం ఇస్తే లక్షా యాభై వేల హాంకాంగ్ డాలర్ల దాకా జరిమానా, 14 ఏళ్ల దాకా జైలు. ఎనిమిది నెలలకు కారణం చెబితే వినే అవకాశమైనా ఉంది. దాస్తే అదీ ఉండదు. అలా రాయమని సలహా ఇచ్చే ఏజెంటు ఎవరైనా సరే, లేచి వచ్చేయండి.

మన పండగల్లో వంటకు సాయం పట్టే అక్కలు కొందరున్నారు, డొమెస్టిక్ హెల్పర్ వీసా మీద వచ్చినవాళ్లు. వాళ్లెన్నేళ్లున్నా ఆ కాలం ఏడేళ్ల లెక్కలోకి రాదు. 2013లో వల్లెహోస్ కేసులో అత్యున్నత న్యాయస్థానం దాన్నే ఖాయం చేసింది. అది నాకు న్యాయంగా తోచదు. పదిహేనేళ్లు ఒకరి పిల్లల్ని పెంచిన మనిషికి ఈ ఊరు తన ఊరు కాదని చెప్పడం ఏం సబబు? కానీ చట్టం అదే. వాళ్లకు "మీకూ వస్తుందిలే అక్కా" అని ఊరికే ఆశ పెట్టకండి.

ఆఖరుగా, హాంకాంగ్‌లో పుట్టిన పిల్లల తల్లిదండ్రులకు. మీ బాబుకు ఐదో రకం కింద వచ్చేసింది, పదకొండేళ్లకు ఐడీ కార్డు కూడా చేతికొచ్చింది, ఇక ఫైలు అటకెక్కించవచ్చనుకుంటున్నారు కదూ. ఆ రకం హోదా 21 నిండేదాకే. ఆ తర్వాత వాడే స్వయంగా నాలుగో రకం కింద, తన సొంత ఏడేళ్లు చూపించి, హాంకాంగే తన శాశ్వత నివాసమని డిక్లరేషన్ ఇచ్చి దరఖాస్తు చేసుకోవాలి. అప్పటికి వాడు ఏ మాంచెస్టర్‌లోనో మణిపాల్‌లోనో చదువుతుంటాడు. చదువు కోసం వెళ్లాడు, ఇల్లూ అమ్మానాన్నా ఇక్కడే ఉన్నారు, సెలవులకు ఇక్కడికే వస్తున్నాడు అని చూపించుకోవాలి. ఇంకోటి, ఇక్కడి నివాసం మానేశాక వరసగా 36 నెలలు హాంకాంగ్‌లో అడుగుపెట్టకపోతే పీఆర్ హోదా పోతుంది. మిగిలేది ఇక్కడ దిగి ఉండడానికి, పనిచేసుకోవడానికి పనికొచ్చే ల్యాండింగ్ హక్కే. సింగపూర్‌కో అమెరికాకో బదిలీ అయి వెళ్లే కుటుంబాలు దీన్ని క్యాలెండరులో రాసి పెట్టుకోవాలి.

ఆ ఫారం నింపే నాటికి పెన్ను పట్టుకునేది పిల్లలే. పదహారు, పదిహేడు వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే వచ్చే చైనా కొత్త సంవత్సరం సెలవుల్లో ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి, పాత పాస్‌పోర్టులు ఎక్కడున్నాయో, స్కూలు లెటర్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చూపించండి. ఎక్కడైనా చిక్కుపడితే ఫైలు పట్టుకుని రండి, ఆదివారం పదకొండు తర్వాత ఇంట్లోనే ఉంటాను. జిరాక్సులు మాత్రం మీరే తీయించుకుని రావాలి, మా ప్రింటర్ పాడైంది.

ఇట్లు,
తుంగ్ చుంగ్‌లో ఉంటున్న ఒక తెలుగు తల్లి